మామ ఆకులో సొరకాయ కూర

మా అత్త రుక్మాబాయి నన్ను ఒక్కనాడూ తిట్టలేదు. అందుకే నాకు ఆమె అంటే అంత భయం. తిట్టే అత్తయితే తిట్టి ఊరుకుంటుంది, మనసులో ఏముందో మనకు తెలిసిపోతుంది. ఈమె నోరు విప్పదు. నేను వండిన కూర నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, మింగి, బువ్వ అయిపోగానే లేచి చెయ్యి కడుక్కునేది. ఆ ఒక్క క్షణంలో నా ప్రాణం పోయి వచ్చేది.

నేను ఏర్గట్ల పిల్లను. అరవై ఏడులో, ఎండాకాలం పెండ్లయి బోధన్‌కు వచ్చాను. మా ఆయన తుకారాం చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరుకు ఆడని నెలల్లో యంత్రాలన్నీ విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తారు. ఆ పనిలో పడి పొద్దున పోతే దీపాల వేళకు వచ్చేవాడు. అంతదాకా ఇంట్లో నేనూ, అత్తా. ఆమె బియ్యం చెరిగితే చేట చప్పుడు, నేను రోట్లో కారం నూరితే పొత్రం చప్పుడు. మాటల్లేవు.

అదే మనిషి అంగట్లో అడుగుపెడితే చూడాలి! వారానికోసారి అంగడి. ఇంట్లో మూగది అక్కడ పులి. సరిహద్దు అవతలి నుంచి ఉల్లిగడ్డలు తెచ్చేవాళ్లతో మరాఠీలో కొట్లాడేది, రుద్రూర్ దిక్కు నుంచి గంపలు నెత్తిన పెట్టుకొచ్చే అవ్వలను పేరుపేరునా పలకరించేది. నేను సంచీ పట్టుకుని వెనక నడిచేదాన్ని. నాకు వంట నేర్పింది మా పొయ్యి కాదు, ఆ అంగడే.

"ఏం వండాల్నో ఇంట్ల అనుకొని రావద్దు," అనేది నడుస్తూనే, నా మొహం చూడకుండా. "అంగడి ఏమిస్తే గదే వండాలె."

మిరుగు కార్తె వానలు పడగానే తుమ్మికూర, చెంచలికూర వచ్చాయి. వాటి వెనకే బోడకాకరకాయలు. శ్రావణంలో మక్కకంకులు, పచ్చి పెసరకాయలు. పోయిన వారం ఉన్నది ఈ వారం ముదిరిపోయేది, ఈ వారం లేనిది వచ్చే వారం గంపల్లో పొర్లేది. తుమ్మికూరలో చింతపండు ఎంత పడుతుందో, బోడకాకర గింజ ఎప్పుడు తీసెయ్యాలో అక్కడే, గంపల మధ్య నిలబడి చెప్పేది. బీరకాయ, దోసకాయ, సొరకాయ కొనేటప్పుడు మాత్రం ఆగి నా కళ్లలోకి చూసేది.

"తొడిమ కాడ గోరంత కోసి నాలిక్కి తాకియ్యాలె. చేదుంటే ఉమ్మియ్యాలె. పైనుంచి సూస్తే అన్ని కాయలు మంచియే. ఒక్కటి చేదు పడితే కుండంత ఖరాబు."

తను కోసి, తను రుచి చూసి, నా నాలుకకు కూడా తాకించేది. అమ్మే అవ్వలు ఏమీ అనుకునేవాళ్లు కాదు, కత్తి వాళ్లే ఇచ్చేవాళ్లు.

భాద్రపదంలో ఒకరోజు చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, "ఈసారి పెత్రమాసకు పెద్దలకు నువ్వే వండాలె," అంది. అంతే. ఆ తరువాత మళ్లీ చేట చప్పుడే.

ఇక నాకు నిద్ర ఉంటే ఒట్టు. పెత్రమాస అంటే భాద్రపద అమావాస్య. పోయిన పెద్దలు ఆరోజు ఆకలితో ఇంటికి వస్తారని మా నమ్మకం. ఆకు వేసి, వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పెడతాం. ఆ ఆకు ముందు కోడలి వంట ఒప్పితేనే ఆమె ఆ ఇంటిది. ఒప్పకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పరు, నేనూ అడగలేదు. అడిగే ధైర్యమే ఉంటే నేను నేనెందుకవుతాను!

చెప్పడానికి మాక్లూర్ నుంచి మా వదినె శంకరమ్మ రెండు రోజుల ముందే దిగింది. మా ఆయనకు అక్క. అత్త మాట్లాడని మాటలన్నీ ఈమెకే ఇచ్చినట్టుంది దేవుడు.

"సూడు పిల్లా, చన్నీళ్లు పోస్కోవాలె, తడిబట్టతోని వండాలె. ఉప్పు సూడద్దు. వాసన గూడ సూడద్దు, వాసన సూస్తే గూడ ఎంగిలే. మా బాపుకు పాలు పోసిన సొరకాయ కూరంటే పాణం. గది చెడిందనుకో, మా బాపు ఉపాసం పోతడు. ఇగ నీ ఇష్టం."

"మరి ఉప్పు ఎక్కువైతే వదినె?"

"ఎక్కువ కావద్దు!"

పెత్రమాస ముందురోజే అంగడి. అత్తకు మోకాళ్లు పట్టేసి రాలేదు. నేనొక్కదాన్నే పోయాను. గుమ్మడికాయ ముక్క, గోరుచిక్కుళ్లు, తోటకూర కొన్నాను. సొరకాయల కోసం భీమవ్వ గంప దగ్గర కూర్చున్నాను. రుద్రూర్ నుంచి వస్తుంది ఆమె, వాళ్ల పెరట్లో కాసినవే తెస్తుంది. పొడుగ్గా, లేతగా, నూగు కూడా రాలని కాయ ఒకటి ఏరి ఇచ్చింది. అలవాటుగా కత్తి కూడా తీసింది.

"కోసి సూడు బిడ్డా."

"వద్దు అవ్వా. పెద్దలకు. ఎంగిలి చెయ్యద్దు."

"అయ్యో, తప్పు తప్పు!" అని చెంపలు వేసుకుని కత్తి గంప కింద పెట్టేసింది. "మంచి కాయ బిడ్డా, పొద్దుగాల్నే తెంపిన. తీస్కపో."

నేనూ చెంపలు వేసుకున్నాను. ఒళ్లో బిడ్డను పెట్టుకున్నట్టు ఆ కాయను పట్టుకుని ఇంటికొచ్చాను.

పెత్రమాస పొద్దున తలమీద చన్నీళ్లు పోసుకుని, తడి చీరతో పొయ్యి ముందు కూర్చున్నాను. పళ్లు కొట్టుకుంటున్నాయి. చలికా, భయానికా అంటే రెంటికీ. ఉప్పు వేసేటప్పుడు చెయ్యి ఎంత వణికిందంటే సగం ఉప్పు కట్టెల మీద పడి చిటపటలాడింది. సొరకాయ ముక్కలు మగ్గాక పాలు పోశాను. పాలు విరగలేదు. అదే మంచి శకునం అనుకున్నాను. శంకరమ్మ గడప దగ్గర కూర్చుని నా ముక్కు కూర వైపు పోతుందా అని కాపలా కాసింది.

మధ్య గదిలో, గోడకు తగిలించిన, పోయిన మా మామ తలరుమాలు కింద ఆకు వేశాం. అన్నీ వడ్డించాం, ఊదు వేశాం, తలుపు కాసేపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాం. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మామకు పెట్టిన ఆకు అత్త ఒక్కతే తినాలి. ఒక్క మెతుకు మిగలకూడదు. ఆమె తిని లేచేదాకా కుండల మీద మూతలు ఎవరూ తియ్యకూడదు. మా ఆయన సగం పూట సెలవు పెట్టి వస్తానన్నాడు, వచ్చాక మేమంతా కూర్చోవాలి.

అత్త ఆకు ముందు కూర్చుంది. మొదట సొరకాయ కూరే అన్నంలో కలిపి నోట్లో పెట్టుకుంది. ఆగింది.

ఎప్పుడూ ఆగే ఒక్క క్షణం కాదు అది. నేను తలుపు చెక్క పట్టుకుని లోపల్లోపల లెక్కపెట్టుకుంటున్నాను. ఆమె తల ఎత్తి గోడ మీది రుమాలు వైపు చూసింది. గొంతు కదిలింది. మింగింది.

"అవ్వా, ఎట్లుంది?" అంది శంకరమ్మ.

"మంచిగుంది."

నా పెండ్లయిన నాటి నుంచి ఆమె నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదలు! నాకు ఏడుపొచ్చింది. గుండె మీది నుంచి బస్తా దించినట్టయింది. ఆమె మిగిలిన వాటిని ముట్టుకోకుండా ముందు సొరకాయ కూర అంతా తింటుంటే, ఎంత నచ్చిందో అనుకుని మురిసిపోయాను. ఆమెకు నుదురంతా చెమట పట్టింది. చెయ్యి వణుకుతోంది. ముసలిది, పొద్దటి నుంచి ఉపాసం, అందుకే అనుకున్నాను. మనిషికి సంతోషం వస్తే కండ్లు ఎంత మూసుకుపోతాయో చూడండి. ఆకు తుడిచినట్టు చేసి లేచింది.

అరగంట కాలేదు, పెరట్లో వాంతి చేసుకుంది. మళ్లీ చేసుకుంది. కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. వాంతులూ విరేచనాలూ ఒకటే. నాలుగోసారికి వాంతిలో నెత్తుటి జీర కనిపించింది. శంకరమ్మ "అవ్వా, అవ్వా" అని అరుస్తూ వీపు రాస్తోంది. "ఏమైందే? ఏం తిన్నవే?" అంటే అత్త తల అడ్డంగా ఊపుతుందే తప్ప మాట లేదు.

నేను నీళ్లకని లోపలికి పోయాను. నీళ్లు ముంచలేదు. సొరకాయ కూర మూత తీసి, వేలితో అంచు గీకి నాలుకకు రాసుకున్నాను.

విషం అంటే అదే. నాలుక మొద్దుబారింది, గొంతు దాకా మంట పట్టింది. కాకరకాయ చేదు దాని ముందు బెల్లం. ఉమ్మి, ఉమ్మి, పుక్కిలించినా పోలేదు. నా చేత్తో వండాను. నా చేత్తో మామ ఆకులో పెట్టాను. ఆమె అంతా తిన్నది, తెలిసి తిన్నది! నా పరువు కాపాడ్డానికి తిన్నదని అప్పుడు నాకు తోచింది. ఇంకేం తోస్తుంది? కుండ రెండు చేతులా ఎత్తాను, మోరీలో పారబోద్దామని. నిజం చెబుతున్నాను, పారబోద్దామనే ఎత్తాను. అప్పుడే వాకిట్లో సైకిలు గంట వినిపించింది, మా ఆయన వచ్చాడు. కుండ మీద గంప బోర్లించి బయటికి ఉరికాను.

అత్తను రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం, మా ఆయన సైకిలు మీద వెనకే వచ్చాడు. అత్త కండ్లు లోపలికి పోయాయి, వేళ్లు ముడతలు పడ్డాయి. కంపౌండరు రామస్వామి చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది గత్తర లెక్క కనబడ్తుంది."

ఆ మాట వినగానే పక్కనున్నవాళ్లు పిల్లలను ఎత్తుకుని వరండా చివరికి పోయారు. గత్తర అంటే కలరా, దానికి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన రోజులు అందరికీ గుర్తే. ఊరి బయట రేకుల షెడ్డు ఉంది, అక్కడ పెడతామన్నాడు. ఇంటివాళ్లెవరూ దగ్గర ఉండొద్దన్నాడు. ఇంటికి సున్నం కొట్టాలన్నాడు.

"ఏం తిన్నది?" అని అడిగాడు.

"ఏం తింటది సార్, మా బాపుకు పెట్టిన బువ్వ తిన్నది," అంది శంకరమ్మ ఏడుస్తూ.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే ఆ ఇంట్లో నాకు చోటు లేదు. పెద్దల ఆకులో విషం పెట్టినదని ఏర్గట్ల దాకా చెప్పుకుంటారు. చెప్పకపోతే ఆమె ఆ రేకుల కింద ఒక్కతే పోతుంది. నా నోట్లో చేదు ఇంకా అట్లాగే ఉంది.

"గత్తర కాదు సార్," అన్నాను. గొంతు నాకే వినబడలేదు. మళ్లీ అన్నాను. "గత్తర కాదు. సొరకాయ చేదున్నది. నేను నాకి సూసిన."

శంకరమ్మ ఏడుపు ఆగిపోయింది. కుండ గంప కింద ఉందని చెబితే, మా ఆయన నా వైపు చూసి, సైకిలెక్కి పోయి తెచ్చాడు. లోపలి నుంచి వచ్చిన డాక్టరు అగ్గిపుల్ల కొనతో ఇంత తీసి నాలుకకు తాకించుకుని, కిటికీ దగ్గరికి ఉరికి ఉమ్మాడు. "ఇంకెవ్వరన్న తిన్నరా?" అని అడిగి, లేదంటే, "బతికిన్రు," అన్నాడు. అత్తను షెడ్డుకు కాకుండా లోపలి మంచానికి తీసుకుపోయి గ్లూకోజు బాటిలు ఎక్కించారు.

వరండాలో శంకరమ్మ నా జబ్బ పట్టుకుని ఊపేసింది.

"మా బాపు ఆకుల విషం పెట్టినవు గదనే! నువ్వు మా అవ్వ ముంగటికి రావద్దు. నీ నీడ గూడ పడద్దు."

నేను మళ్లీ దవాఖానకు పోలేదు. ఇంట్లో కూర్చున్నాను. మూడో రోజుకు వాంతులు తగ్గాయి, నెత్తురు ఆగింది. గండం గడిచిందనుకున్నాం. కానీ అత్త నోరు తెరవడం లేదు. గంజి పెడితే మొహం గోడకు తిప్పుకుంటుంది. శంకరమ్మ తనే కాచి తీసుకుపోయింది, కొడుకు బతిమాలాడు, పక్క మంచం ముసలమ్మ గడ్డం పట్టుకుంది. పెదవులు బిగించుకుని పడుకుంది. నాలుగో రోజు డాక్టరు బాటిలు తీసేస్తూ చెప్పాడట, "కడుపు మంచిగైంది. ఇగ తినకుంటే మాత్రం ఈమె దక్కది."

ఆ సాయంత్రం వీధిలో ఆడపిల్లలు బతుకమ్మ ఆడుతున్నారు. చప్పట్లు మా వాకిట్లోకి వినిపిస్తున్నాయి. మా ఆయన గడపలో కూర్చుని నేల చూస్తూ అన్నాడు:

"రేపు నిన్ను ఏర్గట్ల తోలొస్త. నీ చేతి బువ్వంటే అవ్వకు అసయ్యం వుట్టింది. నువ్వు ఇంట్ల లేవని తెలిస్తే తింటదంటుంది అక్క. అవ్వ మంచిగైనంక మల్ల తీస్కస్త."

మల్ల ఎప్పుడో నాకు తెలుసు. అట్లా పుట్టింటికి వచ్చి ఉండిపోయినవాళ్లను మా ఊళ్లో ఇద్దరిని చూశాను. సరేనన్నాను. రాత్రంతా ఒకటే భయం. ఏర్గట్లకు పోవడం గురించి కాదు. ఆమె పోతుందేమో, నన్ను తిట్టకుండానే పోతుందేమో అని.

తెల్లారగానే గంజి కాచి, గిన్నె కొంగు కింద పెట్టుకుని దవాఖానకు నడిచాను. శంకరమ్మ నల్లా దగ్గర మొహం కడుక్కుంటోంది, నన్ను చూడలేదు. అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. నాలుగు రోజుల్లో సగమైంది. నేను మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చున్నాను.

"అత్తా, నన్ను తిట్టు," అన్నాను. "కొట్టు. నేనిగ పోతున్న. గని బువ్వ మీద అలగకు. తప్పు నాది. కాయ చేదుదే. నేను కోసి సూడలేదు, పెద్దలకని సూడలేదు. తెలిసి నా కోసం తిన్నవు."

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. ఆ కండ్లలో కోపం ఉంటుందని సిద్ధపడి పోయాను నేను. కోపం లేదు.

"కాయ చేదా?" అంది.

"అవును."

"నీకెట్ల తెలుసు?"

"కుండ గీకి నాకిన అత్తా."

"నీకు గూడ చేదు వచ్చిందా?" లేవబోయి లేవలేక నా చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పు. నీ నాలిక్కి గూడ వచ్చిందా?"

"డాక్టర్ సాబుకు గూడ వచ్చింది. కిటికీల ఉమ్మిండు. నిన్న భీమవ్వ సంగతి ఇని ఏడ్సుకుంట వచ్చింది మన ఇంటికి. కంచె మీద దానంతట అదే మొలిసిన తీగెనట. దాని కాయలన్ని అట్లనే ఉన్నయట. పీకేసిన అన్నది."

అత్త రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది. తరువాత చెప్పుకొచ్చింది. ఇన్ని నెలల్లో ఆమె నాతో ఇంట్లో మాట్లాడిన మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు.

"మీ మామకు మోతీజ్వరం వచ్చింది. ఇరవై దినాలు బువ్వ పెట్టద్దన్నడు వైద్యుడు. ఇంత బువ్వ పెట్టవే రుక్మా, సొరకాయ కూరతోని ఇంత పెట్టవే అని సేతులు జోడిచ్చిండు. నేను పెట్టలే. బతకాలని పెట్టలే. ఆకలితోనే పోయిండు. పన్నెండేండ్ల సంది ఆ ఆకు ముంగట కూసుంటే నాకు గజగజ వణుకే బిడ్డా. ఎప్పుడు అడుగుతడో అని. మొన్న నోట్లె పెట్టంగనే చేదు. మీరెవ్వలు తినలే, నాకెట్ల తెలుస్తది? అందరికి మంచిగనే ఉండొచ్చు, నా నోటికే చేదు చేసిండనుకున్న. ఇన్నేండ్లకు అడిగిండు, తినాలె అని తిన్న. ఈడికొచ్చినంక గూడ చేదు పోలే. ఇగ నాకు బువ్వ వద్దంటున్నడు అనుకున్న."

నేను ఆ ఇంట్లో ఆరు నెలలు ఆమెకు భయపడుతూ తిరిగాను. నా పక్కనే ఆమె అంతకంటే ఎక్కువ భయంతో తిరుగుతోందని నాకు తెలియదు.

"మామ కాదు అత్తా," అన్నాను. "కాయ."

"ఆయన కాదు?"

"కాదు. ఒట్టు. ఉత్త కాయ."

అప్పుడు ఏడ్చింది. చిన్నపిల్లలా, వార్డంతా వినబడేటట్టు. శంకరమ్మ తడి మొహంతో ఉరికొచ్చింది. నన్ను చూసి నోరు తెరిచింది, ఏమనబోయిందో గానీ, అత్త ముందే అన్నది.

"ఆకలైతుంది."

శంకరమ్మ గిన్నె కోసం చెయ్యి చాచింది. అత్త ఇవ్వనివ్వలేదు, నా వైపు చూసింది. గంజి ముంచిన చెంచా నా చేతిలో వణికి సగం ఆమె చీర మీదే పడింది. ఆమె చెయ్యీ వణుకుతూనే ఉంది. అయినా ఆ చేత్తో నా మణికట్టు పట్టుకుని, చెంచాను తన నోటికి తెచ్చుకుంది. గిన్నె ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.